సర్వర్ పెంచేముందు క్యూ ఎక్కడుందో చూడండి

మాదాపూర్‌లో అయినా గచ్చిబౌలిలో అయినా రాత్రిపూట బ్రిడ్జ్ కాల్ (సమస్య వచ్చినప్పుడు టీములన్నీ కలిసే ఫోన్ కాల్) ఒకే మాటతో మొదలవుతుంది: "అప్లికేషన్ స్లోగా ఉందండీ." పది నిమిషాలు తిరక్కుండానే మూడు సలహాలు వచ్చేస్తాయి. రీస్టార్ట్ కొడదాం. పాడ్లు (అప్లికేషన్ నడిచే కాపీలు) నాలుగున్నవి ఎనిమిది చేద్దాం. డేటాబేస్ మెషీన్ ఒక సైజు పెంచుదాం. ఈలోగా ఒకరు సీపీయూ గ్రాఫ్ షేర్ చేస్తారు. అది 30 శాతం దగ్గర నిమ్మళంగా ఉంటుంది. "మా వైపు అంతా బానే ఉంది, నెట్‌వర్క్ వాళ్లని పిలవండి" అంటారు. నెట్‌వర్క్ వాళ్లు పింగ్ కొట్టి చూపించి తమ వైపూ బానే ఉందంటారు. అందరి వైపూ బానే ఉంటుంది, వాడే మనిషికి మాత్రం పేజీ తెరుచుకోదు.

నా వాదన ఇది. క్లౌడ్‌లో రెస్పాన్స్ ఆలస్యమైతే, చాలాసార్లు మెషీన్‌కి సత్తువ చాలక కాదు. రిక్వెస్టు ఎక్కడో తన వంతు కోసం నిలబడి ఉంటుంది. కనెక్షన్ కోసం, లాక్ కోసం, డిస్కు కోసం, అవతలి సర్వీసు జవాబు కోసం, ఆఖరికి ఒక పేరుకి ఐపీ అడ్రసు కోసం. నిలబడ్డవాడు సీపీయూ ఖర్చు చెయ్యడు. అందుకే 30 శాతం సీపీయూ చూసి "మా తప్పు లేదు" అనుకోవడం పొరపాటు. పని జరగట్లేదు, ఎదురుచూపు జరుగుతోంది అని ఆ గ్రాఫే చెబుతోంది. వెతకాల్సింది క్యూ. అది దొరక్కముందు మెషీన్ పెంచడం పుండొకచోట మందొకచోట.

ఇరానీ హోటల్‌కి వెళ్లినవాళ్లందరికీ ఈ లెక్క తెలిసిందే. క్యాష్ కౌంటర్‌లో డబ్బులిచ్చి టోకెన్ తీసుకుంటాం, చాయ్ కౌంటర్ దగ్గర నిలబడతాం. చాయ్ పోసేది ఒక్కడే అయినప్పుడు క్యాష్ కౌంటర్లు ఒకటికి మూడు చేస్తే చాయ్ తొందరగా రాదు, చాయ్ దగ్గర గుంపు పెరుగుతుంది. దీన్నే 1961లో జాన్ లిటిల్ గణితంగా రుజువు చేశాడు. లోపలున్న మంది ఎంతంటే, వచ్చే వేగాన్ని ఒక్కొక్కరు లోపల గడిపే సమయంతో హెచ్చవేస్తే వచ్చేంత. సెకనుకి 200 రిక్వెస్టులు వస్తూ ఒక్కోటి 100 మిల్లీసెకన్లలో అయిపోతుంటే ఏ క్షణంలో చూసినా లోపల 20 ఉంటాయి. అదే రిక్వెస్టు 2 సెకన్లు పడితే లోపల 400. టామ్‌క్యాట్ అనే జావా వెబ్ సర్వర్‌లో మనం మార్చకపోతే థ్రెడ్లు, అంటే ఒకేసారి పనిచేసే చేతులు, 200. అంటే ట్రాఫిక్ ఒక్క రిక్వెస్టు కూడా పెరగకుండానే, కేవలం కింద ఏదో నెమ్మదించినందుకు, సర్వర్ నిండిపోయింది. ఆ పూట కాల్‌లో "ట్రాఫిక్ ఏమన్నా పెరిగిందా?" అని అడిగి, "లేదు" అన్న జవాబు విని అందరూ అయోమయంలో పడేది ఇందుకే.

ఇంకొక్క లెక్క చెప్పి ముందుకెళ్తాను. క్రమం లేకుండా వచ్చే మనుషులకి ఒక్క కౌంటర్ ఉంటే, అది 50 శాతం బిజీగా ఉన్నప్పుడు మొత్తం పట్టే సమయం అసలు పనికి రెట్టింపు. 80 శాతం దగ్గర ఐదు రెట్లు. 90 దగ్గర పది రెట్లు, 95 దగ్గర ఇరవై. నిన్నటిదాకా బాగున్నది ఇవాళ చిన్న కదలికకే కుప్పకూలడానికి కారణం ఈ వంపు. 90 నుంచి 95కి వెళ్లడం గ్రాఫులో ఐదు శాతంలా కనిపిస్తుంది, వాడేవాడికి మాత్రం ఆలస్యం రెట్టింపు.

ముందు అడగాల్సినవి

"స్లో" అనే మాటని అలాగే ఒప్పుకోకూడదు. అందరికీనా, కొందరికేనా? అన్ని పేజీలా, ఒక్కటేనా? ఎన్నింటి నుంచి? ప్రతిసారీనా, పదింటిలో ఒకసారా? ఈ నాలుగింటికి జవాబు వస్తే వెతకాల్సిన చోటు సగానికి సగం తగ్గుతుంది. ఒక్క పేజీయే అయితే క్వెరీ మీదకి అనుమానం పోవాలి. అన్నీ ఒకేసారి అయితే అన్నింటికీ ఉమ్మడిగా ఉన్న చోటు, అంటే కనెక్షన్ పూల్ (డేటాబేస్‌కి తెరిచి ఉంచుకున్న కనెక్షన్ల కట్ట), డీఎన్‌ఎస్ (పేరుకి ఐపీ అడ్రసు చెప్పేది), డిస్కు. కొందరికే అయితే ఒక పాడో, ఒక అవైలబిలిటీ జోనో (క్లౌడ్‌లో విడిగా ఉండే డేటాసెంటర్ల గుంపు). కచ్చితంగా 10 గంటల 5 నిమిషాలకి మొదలైతే ముందు ఆ వేళకి ఏ జాబ్ నడిచింది, ఏ రిలీజ్ వెళ్లింది అన్నది చూడాలి.

సగటుని నమ్మొద్దు. 99 రిక్వెస్టులు 50 మిల్లీసెకన్లలో, ఒక్కటి 10 సెకన్లలో అయితే సగటు 150 మిల్లీసెకన్ల దగ్గర కనిపిస్తుంది. ఆ 150 ఎవరి అనుభవమూ కాదు. పీ50, పీ95, పీ99 మూడూ ఒకే గ్రాఫులో పెట్టుకోవాలి. పీ99 అంటే నూటికి 99 రిక్వెస్టులు ఎంతలోపు అయిపోయాయో ఆ సమయం, మిగతా రెండూ అలాగే. పీ50 కదలకుండా పీ99 ఒక్కటే లేస్తే కొందరు క్యూలో ఇరుక్కున్నారని అర్థం. మూడూ కలిసి లేస్తే దారి మొత్తం నెమ్మదించింది. పది పాడ్ల పీ99లు తీసుకుని వాటికి సగటు కట్టే డాష్‌బోర్డులు చాలా ఆఫీసుల్లో ఉన్నాయి. ఆ అంకెకి అర్థం లేదు. హిస్టోగ్రామ్‌లు (ఎంత సమయానికి ఎన్ని రిక్వెస్టులు అన్న లెక్కలు) కలిపి, ఆ కలిపినదాని మీద పీ99 తీయాలి.

"ఒక్క శాతమే కదా" అనేవాళ్లకి ఇంకో మాట. ఒక పేజీ తెరవడానికి వెనక 40 కాల్స్ వెళ్తున్నాయనుకోండి, ఒక్కోదానికి నెమ్మదించే అవకాశం ఒక శాతం. 40లో కనీసం ఒకటి నెమ్మదించే అవకాశం 33 శాతం. అంటే ప్రతి మూడు పేజీల్లో ఒకటి. మైక్రోసర్వీసులుగా విడగొట్టిన ప్రతిచోటా ఈ లెక్క వర్తిస్తుంది.

దారిని ముక్కలు చేయడం

తర్వాత చేయాల్సింది రిక్వెస్టు నడిచే దారిని ముక్కలుగా కోసి, ఏ ముక్కలో సమయం పోతోందో చూడటం. దీనికి పెద్ద టూల్ కొనక్కర్లేదు. వెబ్ అడ్రసుని పిలిచి చూసే కర్ల్ కమాండ్‌కి రైట్-అవుట్ ఆప్షన్ ఇస్తే పేరు వెతకడం ఎప్పటికి అయింది, టీసీపీ కనెక్షన్ ఎప్పటికి కలిసింది, టీఎల్‌ఎస్ (భద్రత ఒప్పందం) ఎప్పటికి ముగిసింది, మొదటి బైట్ ఎప్పుడొచ్చింది, చివరి బైట్ ఎప్పుడొచ్చింది అని అయిదు అంకెలు ఇస్తుంది. అన్నీ మొదటి నుంచి లెక్కించినవి కాబట్టి ఒకదాంట్లోంచి ఒకటి తీసేసి చూడాలి. టీఎల్‌ఎస్‌కీ మొదటి బైట్‌కీ మధ్య సమయం పోతుంటే సర్వర్ లోపల చూడాలి. మొదటి బైట్‌కీ చివరి బైట్‌కీ మధ్య పోతుంటే జవాబు సైజు, కంప్రెషన్, వాడేవాడి నెట్ చూడాలి. ఒక్కసారి కొట్టి ఊరుకోవద్దు, కనీసం యాభైసార్లు కొట్టాలి. ఇంట్లో వైఫై నుంచి ఒకసారి, అదే వీపీసీ (క్లౌడ్‌లో మన సొంత నెట్‌వర్క్) లోపలున్న మెషీన్ నుంచి ఒకసారి.

లోపలి నుంచి చూసేటప్పుడు లోడ్ బ్యాలెన్సర్ (రిక్వెస్టులని సర్వర్లకి పంచేది) లాగ్ అమూల్యం. అమెజాన్ క్లౌడ్‌లోని అప్లికేషన్ లోడ్ బ్యాలెన్సర్ యాక్సెస్ లాగ్‌లో ప్రతి రిక్వెస్టుకీ మూడు సమయాలు విడివిడిగా ఉంటాయి: లోపలికి తీసుకుని టార్గెట్‌కి (మన సర్వర్‌కి) పంపడానికి పట్టింది, టార్గెట్ తీసుకున్నది, జవాబు వెనక్కి పంపడం మొదలెట్టడానికి పట్టింది. ఈ లాగ్ మనం ఆన్ చేస్తే తప్ప ఉండదు. సమస్య వచ్చాక ఆన్ చేస్తే జరిగిపోయినదాని జాడ దొరకదు. ఇవాళే ఆన్ చేయండి. అప్లికేషన్ ముందు ఎన్జిన్ఎక్స్ వెబ్ సర్వర్ వాడేవాళ్లు లాగ్ ఫార్మాట్‌లో రిక్వెస్ట్ టైమ్ (మొత్తం పట్టింది), అప్‌స్ట్రీమ్ రెస్పాన్స్ టైమ్ (వెనకున్న అప్లికేషన్ తీసుకున్నది) రెండూ రాయించాలి. మొదటిది పెద్దదిగా, రెండోది చిన్నదిగా ఉంటే నెమ్మది అప్లికేషన్‌ది కాదు.

ఒక చోట మాత్రం అందరూ బోల్తా పడతారు. అప్లికేషన్ తన లాగ్‌లో "80 మిల్లీసెకన్లలో జవాబిచ్చాను" అని రాస్తుంది, లోడ్ బ్యాలెన్సర్ "టార్గెట్ 3 సెకన్లు తీసుకుంది" అని రాస్తుంది. రెండూ నిజమే. రిక్వెస్టు సాకెట్ దగ్గరికి వచ్చి, థ్రెడ్ ఖాళీ లేక అక్కడే కూర్చుంది. థ్రెడ్ చేతిలోకి వచ్చాక గానీ అప్లికేషన్ గడియారం మొదలవ్వదు. ఆ రెండు అంకెల మధ్య తేడాయే క్యూ.

కనెక్షన్ పూల్ దగ్గర కాసేపు ఆగుదాం

జావా అప్లికేషన్లలో నూటికి ఎన్నో సమస్యలు ఇక్కడే తేలతాయి కాబట్టి దీన్ని దగ్గరగా చూడాలి. హికారీసీపీ అనే జావా కనెక్షన్ పూల్‌లో మనం ఏమీ రాయకపోతే గరిష్ఠంగా 10 కనెక్షన్లు. కనెక్షన్ దొరక్కపోతే 30 సెకన్లు ఆగి, అప్పుడు ఎర్రర్ ఇస్తుంది. ఒక్కో పనికి కనెక్షన్ 20 మిల్లీసెకన్లు చేతిలో ఉంటే, 10 కనెక్షన్లతో సెకనుకి 500 పనులు. హాయిగా ఉంది. ఇప్పుడు ఎవరో ఒక మార్పు చేశారు. ఆర్డర్ సేవ్ చేసే ట్రాన్సాక్షన్ (అంతా జరిగితే జరిగినట్టు, లేకపోతే ఏదీ జరగనట్టు చేసే డేటాబేస్ పని) మధ్యలో ఎస్సెమ్మెస్ పంపే బయటి సర్వీసుని పిలిచారు. అది 400 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. ఆ 400 మిల్లీసెకన్లూ డేటాబేస్ కనెక్షన్ చేతిలోనే ఉంది, ఏ పనీ చేయకుండా. ఇప్పుడు 10 కనెక్షన్లు సెకనుకి 24 పనులకి మించి చేయలేవు. సెకనుకి 50 వస్తే? ప్రతి సెకనూ 26 మంది క్యూలో మిగిలిపోతారు. ఒక నిమిషం తర్వాత కొత్తగా వచ్చేవాళ్లకి "కనెక్షన్ అందుబాటులో లేదు, 30000 మిల్లీసెకన్ల తర్వాత టైమ్ అవుట్" అనే ఎర్రర్.

ఈ సమయంలో డేటాబేస్ సీపీయూ చూడండి. పది శాతం. అప్లికేషన్ సీపీయూ చూడండి. పది శాతం. స్లో క్వెరీ లాగ్‌లో ఏమీ ఉండదు, ఎందుకంటే క్వెరీలన్నీ వేగంగానే ఉన్నాయి. గ్రాఫులు చూసేవాళ్లకి ఇది దెయ్యం పట్టినట్టు అనిపిస్తుంది. చూడాల్సిన అంకె ఒక్కటే, పూల్‌లో ఎదురుచూస్తున్న థ్రెడ్ల సంఖ్య. దాన్ని మెట్రిక్‌గా బయటికి పంపితే నిమిషంలో దొరికే జబ్బు ఇది. డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ అయితే, దాని వైపు నుంచి చూస్తే, యాక్టివిటీ వ్యూలో కనెక్షన్లన్నీ "ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్" స్థితిలో కనిపిస్తాయి. ట్రాన్సాక్షన్ తెరిచి, ఏమీ అడక్కుండా కూర్చున్నాయని దాని అర్థం. హికారీలో లీక్ డిటెక్షన్ థ్రెషోల్డ్ అనే సెట్టింగ్ ఉంది, మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది. దాన్ని 2 సెకన్లకి పెడితే ఏ కోడ్ లైను కనెక్షన్‌ని అంతసేపు పట్టుకుందో స్టాక్ ట్రేస్‌తో సహా రాసిపెడుతుంది; పై ఉదాహరణలోని 420 మిల్లీసెకన్ల పట్టు మాత్రం దీనికి దొరకదు.

ఇక్కడ పాడ్లు పెంచితే ఏమవుతుంది? ఒక్కో పాడ్ పది కనెక్షన్లు తెరుస్తుంది. పది పాడ్లతో వంద. పోస్ట్‌గ్రెస్‌ని మనం ఇన్‌స్టాల్ చేసుకుంటే కనెక్షన్ల హద్దు 100 దగ్గరే ఉంటుంది, దాంట్లో మూడు సూపర్‌యూజర్ కోసం పక్కన పెడుతుంది. పదకొండో పాడ్‌కి కనెక్షనే దొరకదు, హెల్త్ చెక్ ఫెయిలవుతుంది, పాడ్లని చూసుకునే ఆర్కెస్ట్రేటర్ దాన్ని చంపి మళ్లీ లేపుతుంది. ఇంతకుముందు నెమ్మదిగా ఉన్నది ఇప్పుడు పూర్తిగా పడిపోయింది. మందు: ఎస్సెమ్మెస్ కాల్‌ని ట్రాన్సాక్షన్ ముగిశాక బయటికి జరపడం. పది లైన్ల మార్పు, పైసా ఖర్చు లేదు.

డేటాబేస్‌లోనే నిజంగా నెమ్మది ఉంటే అది వేరే దారి, దాని మీద రాసినవి చాలా ఉన్నాయి కాబట్టి ఒక్క విషయమే చెబుతాను. నిన్నటిదాకా 5 మిల్లీసెకన్లు పట్టిన క్వెరీ ఈ పొద్దున 8 సెకన్లు పడుతోందంటే, కోడ్ మారకపోతే, ముందు టేబుల్ గణాంకాలు ఎప్పుడు తాజా అయ్యాయో చూడండి. పోస్ట్‌గ్రెస్ ఆటో అనలైజ్ మామూలు సెట్టింగ్‌లో పది శాతం వరసలు మారాకే కదులుతుంది. కోటి వరసల టేబుల్‌లో అది పది లక్షల మార్పులు. ఈలోపు కొత్తగా చేరిన తేదీల వరసల గురించి ప్లానర్‌కి (క్వెరీ ఏ దారిలో నడవాలో ఎంచేదానికి) తెలియదు, "ఒకటో రెండో ఉంటాయిలే" అనుకుని నెస్టెడ్ లూప్ (ఒక్కో వరసకీ విడిగా వెతికే దారి) ఎంచుకుంటుంది, తీరా చూస్తే అక్కడ లక్షన్నర ఉంటాయి. క్వెరీ నడిచిన తీరు చూపే ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్‌లో అంచనా వరసలకీ అసలు వరసలకీ మధ్య వెయ్యి రెట్ల తేడా కనిపిస్తే ఇదే. ఆ ఒక్క టేబుల్‌కి ఆ శాతాన్ని తగ్గించి పెట్టొచ్చు, సర్వర్ మొత్తానికి మార్చక్కర్లేదు.

అంకెలే చెబుతాయి

ఆలస్యం ఎంతో చూస్తే కారణం సగం తెలిసిపోయే సందర్భాలున్నాయి. నాడి పట్టినట్టు ఉంటుంది. లేటెన్సీని, అంటే ఆలస్యాన్ని, గీతలా కాకుండా హీట్‌మ్యాప్‌గా (రంగుల పటంగా) వేస్తే కొన్ని అంకెల దగ్గర కచ్చితమైన గట్లు కనిపిస్తాయి. 40 మిల్లీసెకన్ల దగ్గర గట్టు ఉంటే నేగల్ పద్ధతి (చిన్న ముక్కలని ఆపి కలిపి పంపడం), డిలేడ్ ఏసీకే (అందిందన్న కబురు ఆగి చెప్పడం) రెండూ ఒకదాని కోసం ఒకటి ఆగుతున్నాయేమో చూడాలి. సాకెట్‌కి నేగల్‌ని ఆపే నో-డిలే పెట్టారా అన్నది ప్రశ్న. 200 మిల్లీసెకన్లు అదనంగా పడుతుంటే ప్యాకెట్ పోయి మళ్లీ పంపుతున్నారేమో, లైనక్స్‌లో మళ్లీ పంపేముందు ఆగే కనీస సమయం అంతే. సరిగ్గా 1 సెకను, 3 సెకన్లు, 7 సెకన్లు అయితే టీసీపీ మొదటి ప్యాకెట్టే అవతల అందట్లేదు. ముందు 1 ఆగి, తర్వాత 2, తర్వాత 4 ఆగుతుంది. అవతలి వైపు లిజన్ క్యూ (కొత్త కనెక్షన్లు వేచి ఉండే చోటు) నిండిపోవడం దీనికి సాధారణ కారణం. నెట్‌స్టాట్ ఎస్ ఆప్షన్‌తో కొడితే లిజన్ క్యూ పొంగిన లెక్క కనిపిస్తుంది.

సరిగ్గా 5 సెకన్లు అయితే డీఎన్‌ఎస్. జవాబు రాకపోతే మళ్లీ అడిగేముందు లైనక్స్ రిజాల్వర్ ఆగేది 5 సెకన్లు. కుబెర్నెటిస్ అనే ఆర్కెస్ట్రేటర్ వాడేవాళ్లు దీన్ని చాలా చూస్తారు. పాడ్‌లో ఎన్‌డాట్స్ విలువ 5 ఉంటుంది. పేరులో ఐదు చుక్కలకన్నా తక్కువుంటే ముందు క్లస్టర్ లోపలి డొమైన్లు ఒక్కోటి తగిలించి వెతుకుతుంది. పేమెంట్ గేట్‌వే అడ్రసులో రెండు చుక్కలే ఉంటాయి కాబట్టి, నాలుగు డొమైన్లు తగిలించి చూసి, ఒక్కోసారి ఐపీవీ4కి ఒకటి ఐపీవీ6కి ఒకటి అడిగి, ఎనిమిది ప్రశ్నలు వృథా చేసి, తొమ్మిది పది ప్రశ్నల్లో అసలు పేరు అడుగుతుంది. ఒక్క ప్యాకెట్ పోయినా 5 సెకన్లు. మందు సులువు: బయటి పేరు చివర ఒక చుక్క పెట్టడం, లేదా ఎన్‌డాట్స్‌ని 2కి దించడం, నోడ్ మీద లోకల్ డీఎన్‌ఎస్ క్యాష్ పెట్టడం. అమెజాన్‌లో ఒక నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్ నుంచి వీపీసీ రిజాల్వర్‌కి సెకనుకి 1024 ప్యాకెట్లే అన్న హద్దు కూడా గుర్తుంచుకోవాలి. డీఎన్‌ఎస్ పాడ్లన్నీ ఒకే నోడ్ మీద కూర్చుంటే ఆ హద్దు త్వరగా తగులుతుంది.

క్లౌడ్ కొలిచి ఇచ్చే చోట

"సాయంత్రం అయ్యేసరికి స్లో అవుతుంది, రాత్రికి మళ్లీ దానంతటదే బాగవుతుంది" అన్నప్పుడు క్రెడిట్లు చూడండి. అమెజాన్‌లో జీపీ2 రకం డిస్కుకి ఒక జీబీకి 3 చొప్పున ఐఓపీఎస్ (సెకనుకి చదివే, రాసే పనులు) ఇస్తారు. 100 జీబీ డిస్కుకి 300. అవసరమైతే 3000 దాకా లేస్తుంది, కానీ ఆ లేచేదంతా 54 లక్షల క్రెడిట్ల సంచిలోంచి. 100 జీబీ డిస్కు పూర్తి వేగంతో నడిస్తే సెకనుకి 2700 చొప్పున సంచి ఖాళీ అవుతుంది. 2000 సెకన్లు, అంటే 33 నిమిషాలు. ఆ తర్వాత 3000 నుంచి ఒక్కసారిగా 300కి పడుతుంది. లోడ్ టెస్ట్ ఇరవై నిమిషాలే చేసినవాళ్లకి ఈ గోడ ఎప్పటికీ కనపడదు. అమెజాన్ కొలతలు చూపే క్లౌడ్‌వాచ్‌లో బర్స్ట్ బ్యాలెన్స్ అనే మెట్రిక్ సున్నా వైపు జారడం చూస్తే చాలు. జీపీ3కి మారితే సైజుతో సంబంధం లేకుండా 3000 ఐఓపీఎస్ ఎప్పుడూ ఉంటుంది. 2020 చివర్లో వచ్చింది, ఇప్పటికీ పాత జీపీ2 డిస్కుల మీద డేటాబేసులు నడిపేవాళ్లున్నారు. టీ2 రకం మెషీన్లకి సీపీయూ విషయంలో ఇదే పద్ధతి. ఒక క్రెడిట్ అంటే ఒక వీసీపీయూకి ఒక నిమిషం నిండు పని. రెండు వీసీపీయూల టీ2 మీడియం గంటకి 24 క్రెడిట్లు సంపాదిస్తుంది, అంటే ఒక్కో వీసీపీయూకి 20 శాతం. క్రెడిట్లు అయిపోతే అంతకి మించి ఇవ్వదు, గ్రాఫు 20 దగ్గర చదునుగా కూర్చుంటుంది. "సీపీయూ 20 శాతమే కదా" అని వదిలేసే గ్రాఫు అదే.

కంటైనర్‌కి (పాడ్ లోపల అప్లికేషన్ నడిచే డబ్బాకి) సీపీయూ లిమిట్ అర కోర్ పెట్టామంటే, ప్రతి 100 మిల్లీసెకన్లలో 50 మిల్లీసెకన్ల సీపీయూ వాడుకోవచ్చని అర్థం. నాలుగు థ్రెడ్లు ఒకేసారి పరిగెత్తితే ఆ 50 పన్నెండున్నర మిల్లీసెకన్లలోనే అయిపోతుంది. మిగతా 87.5 మిల్లీసెకన్లు కంటైనర్ మొత్తం గడ్డకట్టుకుని కూర్చుంటుంది. నిమిషానికి సగటు తీసే గ్రాఫులో ఇది 30 శాతం వాడకంలా కనిపించవచ్చు. కంటైనర్ల వాటా చూసుకునే సీగ్రూప్‌లోని సీపీయూ స్టాట్ ఫైలులో ఎన్నిసార్లు ఆపేశారు అన్న లెక్క ఉంటుంది, అది పెరుగుతోందా అన్నది చూడాలి. నా అభిప్రాయం సూటిగా చెప్పాలంటే, జవాబు వేగం ముఖ్యమైన సర్వీసులకి మెమరీ లిమిట్ పెట్టండి, సీపీయూ రిక్వెస్ట్ (కంటైనర్‌కి తప్పక దక్కాల్సిన వాటా) సరిగ్గా పెట్టండి, సీపీయూ లిమిట్ పెట్టాలంటే మాత్రం ఒకటికి రెండుసార్లు ఆలోచించండి.

ముంబైకీ హైదరాబాద్‌కీ మధ్య

మన ఊరికి ప్రత్యేకమైన తప్పు ఒకటుంది. అమెజాన్ ముంబై రీజియన్ (ఒక ప్రాంతంలోని డేటాసెంటర్లు) 2016లో, హైదరాబాద్ రీజియన్ 2022 నవంబర్‌లో తెరిచారు. అందువల్ల చాలామంది డేటాబేసులు ముంబైలో పుట్టాయి. ఇప్పుడు "యూజర్లకి దగ్గరగా" అని అప్లికేషన్ని హైదరాబాద్‌కి తెచ్చి, డేటాబేస్‌ని తర్వాత చూద్దామని ముంబైలోనే వదిలేస్తారు. రెండు ఊళ్ల మధ్య గగనమార్గాన సుమారు 620 కిలోమీటర్లు. ఫైబర్‌లో కాంతి మిల్లీసెకనుకి 200 కిలోమీటర్లు పోతుంది కాబట్టి, తాడు బిగించినట్టు తిన్నగా కేబుల్ వేసినా వెళ్లి రావడానికి 6 మిల్లీసెకన్లు. కేబుల్ తిన్నగా పోదు, మధ్యలో పరికరాలుంటాయి, కాబట్టి లెక్కకి 15 అనుకుందాం. ఒక పేజీ కోసం ఓఆర్‌ఎం (కోడ్ నుంచి క్వెరీలు తయారుచేసే లైబ్రరీ) ఒకదాని తర్వాత ఒకటిగా 60 క్వెరీలు పంపితే? 900 మిల్లీసెకన్లు కేవలం ప్రయాణానికి. రెండూ ముంబైలోనే ఉన్నప్పుడు, ఒకే జోన్‌లో, ఆ 60 క్వెరీల ప్రయాణం 60 మిల్లీసెకన్లు కూడా అయ్యేది కాదు. యూజర్‌కి ఒక ట్రిప్పు దగ్గర చేసి, డేటాబేస్‌కి 60 ట్రిప్పులు దూరం చేశారు. క్వెరీలన్నీ డేటాబేస్ వైపు ఒక్కో మిల్లీసెకనులోనే అయిపోతుంటాయి, డేటాబేస్ చూసుకునే డీబీఏ మీద నిష్కారణంగా నింద పడుతుంది. కదిపితే రెండూ కలిపి కదపాలి. అంతకంటే ముందు ఆ 60 క్వెరీలని మూడో నాలుగో చేయాలి.

అమెరికా రీజియన్‌తో పనిచేసే టీములకి ఇదే లెక్క ఇంకా పెద్దది. వర్జీనియాకి సుమారు 13 వేల కిలోమీటర్లు, వెళ్లి రావడానికి సిద్ధాంతంలోనే 130 మిల్లీసెకన్లు, వాస్తవంలో 200 దాటుతుంది. కొత్త కనెక్షన్ అయితే టీసీపీకి ఒక ట్రిప్పు, టీఎల్‌ఎస్ 1.2కి రెండు, అసలు రిక్వెస్టుకి ఒకటి. 800 మిల్లీసెకన్లు, సర్వర్ ఏ పనీ మొదలుపెట్టకముందే చాలావరకు అయిపోయాయి. కనెక్షన్లు తెరిచి ఉంచుకోవడం, టీఎల్‌ఎస్ 1.3కి మారి ఒక ట్రిప్పు తగ్గించుకోవడం తప్ప ఇక్కడ మెషీన్ సైజుతో వచ్చేదేమీ లేదు.

మూలిగే నక్క మీద తాటిపండు

ఏదైనా సర్వీసు నెమ్మదించగానే దాన్ని పిలిచే పై సర్వీసులు రీట్రై, అంటే మళ్లీ మళ్లీ అడగడం, మొదలెడతాయి. మూడు అంచెలుండి, ఒక్కో అంచె మొత్తం మూడుసార్లు ప్రయత్నిస్తే, అట్టడుగున ఉన్న డేటాబేస్‌కి ఒక్క రిక్వెస్టు 27 అవుతుంది. అసలే ఊపిరాడనిదాని మీద ఇంత బరువు. పైగా బ్రౌజర్ ముందున్న మనిషి విసుగొచ్చి ఎప్పుడో వెళ్లిపోయాడు, అతని కోసం కింద ఇంకా పని జరుగుతూనే ఉంది. రీట్రై ఒక్క అంచెలోనే ఉండాలి, మధ్యలో ఆగే సమయం పెరుగుతూ కొంచెం చెదురుమదురుగా ఉండాలి. టైమ్ అవుట్ పై నుంచి కిందికి తగ్గుతూ రావాలి. పైన 5 సెకన్లు, కింద 30 సెకన్లు పెట్టే అలవాటు ఎందుకు వచ్చిందో గానీ, అది ఎవరికీ పనికిరాని పనిని 25 సెకన్లు ఎక్కువ చేయిస్తుంది.

ఇంతా చదివాక కొందరు అడుగుతారు: ఇంజినీర్ గంట ఖరీదు కన్నా మెషీన్ గంట ఖరీదు తక్కువ కదా, పెంచేస్తే పోలేదా? నిజంగానే సీపీయూ చాలనప్పుడు పెంచాల్సిందే, దానికి నేను అడ్డు చెప్పను. ఎలా తెలుస్తుందంటే, వీఎమ్‌స్టాట్ కమాండ్‌లో మొదటి నిలువు వరస (సీపీయూ మీద నడుస్తున్న, దాని కోసం ఆగిన పనులు) కోర్ల సంఖ్యని దాటి నిలకడగా ఉంటుంది, లైనక్స్ ప్రెషర్ ఫైల్స్‌లో (వనరు కోసం ఎంత ఆగారో చెప్పేవి) సీపీయూ అంకె పెద్దగా ఉంటుంది, స్టీల్ శాతం (అదే హోస్టు మీది వేరే మెషీన్ల వల్ల మనకి దక్కని సీపీయూ) మాత్రం తక్కువగా ఉంటుంది. స్టీల్ ఎక్కువుంటే పక్కింటివాడి గోల, మెషీన్‌ని ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే సాధారణంగా వేరే హోస్టు మీదకి పోతుంది. ఈ మూడూ చూడటానికి రెండు నిమిషాలు చాలు. ఆ రెండు నిమిషాలు లేవని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను.

రీస్టార్ట్ విషయంలో కూడా అంతే. కస్టమర్ ఎదురుచూస్తుంటే రీస్టార్ట్ చేయాల్సిందే, కానీ ఆధారాలు తీశాక. జావా అయితే పది సెకన్ల తేడాతో మూడు థ్రెడ్ డంపులు (ఆ క్షణంలో ఏ థ్రెడ్డు ఏ లైను దగ్గరుందో చూపేవి). మూడింటిలోనూ ఒకే థ్రెడ్డు ఒకే లైను దగ్గర ఉంటే అక్కడే ఇరుక్కుంది. ఎస్‌ఎస్ కమాండ్‌తో సాకెట్ల లెక్క. డేటాబేస్ యాక్టివిటీ వ్యూలో ఎవరు ఎవరి కోసం ఆగారన్నది, ఒక టేబుల్‌లోకో ఫైలులోకో కాపీ. డిస్కు కోసం అయోస్టాట్ ఎక్స్ ఆప్షన్‌తో పది సెకన్లు. వీటన్నిటినీ ఒక స్క్రిప్టులో పెట్టి ప్రతి మెషీన్ మీదా ముందే ఉంచితే, అర్ధరాత్రి ఆన్‌కాల్‌లో ఉన్న కొత్త అబ్బాయో అమ్మాయో కూడా ఒక్క కమాండ్‌తో తీసేయగలరు. అమీర్‌పేటలో నెలా రెండు నెలల్లో క్లౌడ్ నేర్చుకుని వచ్చిన పిల్లలు చాలా చురుకైనవాళ్లు. మెషీన్ లేపడం, పైప్‌లైన్ రాయడం వాళ్లకి చకచకా వచ్చు. థ్రెడ్ డంపు చదవడం ఎవరూ నేర్పలేదు, అంతే. సీనియర్లు వారానికొక గంట కూర్చుని ఒక పాత డంపు తెరిచి చదివి చూపిస్తే మూడు నెలల్లో మీ టీమ్ మారిపోతుంది.

సరిచేశాక పని అయిపోలేదు. ఒక జంక్షన్ దగ్గర ఫ్లైఓవర్ వేస్తే జామ్ తర్వాతి సిగ్నల్ దగ్గరికి జరగడం ఈ ఊళ్లో రోజూ చూసేదే. పూల్ సరిచేస్తే, ఇంతకాలం పూల్ ఆపి ఉంచిన రద్దీ ఇప్పుడు ఒక్కసారిగా డిస్కు మీద పడుతుంది. కాబట్టి మార్పు ఒకసారికి ఒకటే చేయాలి, ముందూ వెనకా పీ50, పీ99, పూల్ ఎదురుచూపు, డిస్కు ఆలస్యం రాసిపెట్టుకోవాలి. రద్దీ లేని రాత్రి రెండింటికి కొలిచి "బాగైంది" అని టికెట్ మూసేయొద్దు. వచ్చే వారం అదే రోజు, అదే గంటకి, వీలైతే జీతాలు పడే ఒకటో తారీఖున మళ్లీ అవే నాలుగు గ్రాఫులు తెరిచి, అప్పటి అంకెలు టికెట్‌లో రాసి, అప్పుడు మూసేయండి.